రెండు పెడళ్ళ కారుకు మూడో పెడల్

రాయపూర్ నుంచి భిలాయి వైపు జాతీయ రహదారి మీద వెళుతుంటే ఖారూన్ నది దాటాక వచ్చే ఊరు కుమ్హారి. ఈ దారిలో ఉక్కు లారీలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. లారీలున్న చోట మెకానిక్ షెడ్లూ ఉంటాయి. భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభమైంది. ఆ రోజుల నుంచీ పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి.

అలాంటి కుటుంబంలోని ఒక పెద్దాయన దగ్గర పాత ఆటోమాటిక్ కారు ఒకటి ఉందనుకుందాం. ఇంజను బాగానే ఉంది, గేరుబాక్సు మాత్రం పాడైంది. కొత్త ఆటోమాటిక్ గేరుబాక్సు కొనాలంటే కారు విలువకు మించి ఖర్చవుతుంది. అదే మోడల్లో చేతి గేర్ల రకం కూడా వచ్చింది కాబట్టి, పాత సామాన్ల దుకాణంలో ఆ గేరుబాక్సు తక్కువ ధరకే దొరుకుతుంది. "ఇది తీసి అది బిగించేస్తే సరిపోదా?" అని ఆయన అడుగుతాడు. సరిపోదు. ఆ రెండింటి మధ్య ఒక కొత్త భాగం రావాలి. అదే క్లచ్. రెండు పెడళ్ళ కారుకు మూడో పెడల్ పెట్టడమంటే ఏమిటో, అందులో మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని పాఠాలు ఎన్ని దాగి ఉన్నాయో చూద్దాం.

ఇంజను బలహీనత

సైకిలు తొక్కేటప్పుడు మీరు సున్నా వేగం నుంచే బలం ఉపయోగించగలరు. పెట్రోలు ఇంజనుకు ఆ శక్తి లేదు. అది తిరుగుతూ ఉంటేనే గాలినీ పెట్రోలునూ లోపలికి పీల్చుకుంటుంది, నొక్కుతుంది, మండిస్తుంది. నిమిషానికి సుమారు 800 చుట్ల కంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. మరి చక్రాలో? సిగ్నల్ దగ్గర అవి పూర్తిగా ఆగి ఉండాలి. ఒక కొస 800 చుట్లు తిరుగుతోంది, రెండో కొస కదలకుండా ఉంది. ఈ రెండు కొసలనూ గట్టి ఇరుసుతో కలిపితే ఇంజను ఆగిపోతుంది, లేదా బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది.

కాబట్టి మధ్యలో జారుతూ జారుతూ క్రమంగా పట్టు బిగించే ఏర్పాటు కావాలి. ఆటోమాటిక్ కారులో ఈ పని నూనె చేస్తుంది. చేతి గేర్ల కారులో ఘర్షణ చేస్తుంది.

నూనెతో కలిపే పద్ధతి తేలికగా అర్థం కావాలంటే రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికే స్విచ్ వేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరగడం మొదలుపెడుతుంది. రెండింటి మధ్య ఇనుప బంధమేదీ లేదు. గాలి బదులు నూనె, ఫ్యాన్ల బదులు మూసిన డబ్బాలో రెక్కల చక్రాలు ఉంటే అది ద్రవ సంధానం. నూనె ప్రవాహాన్ని తిరిగి మళ్ళించే మూడో రెక్కల చక్రాన్ని కూడా చేరిస్తే, అది తిప్పే బలాన్ని పెంచగలదు కూడా. దాన్నే టార్క్ కన్వర్టర్ అంటారు. జర్మనీకి చెందిన హెర్మన్ ఫెట్టింగర్ 1905లో ఈ సూత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఆలోచన కార్ల గురించి కాదు, ఓడల టర్బైనును ప్రొపెల్లరుతో కలపడం గురించి. తర్వాత కొన్ని దశాబ్దాలకు అది కార్లలోకి వచ్చింది.

ఏది తీయాలి? ఏది పెట్టాలి?

కారు నుంచి బయటికి వచ్చేవి ఇవి: ఆటోమాటిక్ గేరుబాక్సు, టార్క్ కన్వర్టర్, దాన్ని ఇంజనుకు కలిపే పలుచని ఉక్కు పళ్ళెం, గేరుబాక్సు నూనెను చల్లబరిచే గొట్టాలు.

లోపలికి వెళ్ళేవి: బరువైన ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, దాన్ని తోసే ఫోర్కు, క్లచ్ పెడల్, దాని నూనె సిలిండర్లు లేదా కేబులు, చేతి గేరుబాక్సు, గేరు రాడ్డు. గేరుబాక్సు పొడవు మారితే దాన్ని మోసే బ్రాకెట్టు, చక్రాలకు వెళ్ళే ఇరుసులు కూడా మారవచ్చు. ఇవన్నీ అదే మోడల్‌కు చెందిన ఒకే చేతి గేర్ల కారు నుంచి తెచ్చుకోవడం ఉత్తమం. తలా ఒక కారు నుంచి తెచ్చిన భాగాలు ఒకదానితో ఒకటి కుదరకపోతే, ఆ సంగతి చివర్లోనే బయటపడుతుంది.

ఫ్లైవీలుకు అంత బరువెందుకు?

నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి అర చుట్టుకూ ఒకసారి మాత్రమే పేలుడు జరుగుతుంది. అంటే ఇంజను నిలకడగా తిప్పదు, కుదుపు కుదుపుగా తిప్పుతుంది. బరువైన చక్రం ఒకటి ఉంటే కుదుపు వచ్చినప్పుడు శక్తిని దాచుకుని, మధ్య విరామంలో తిరిగి ఇస్తుంది. కుమ్మరి సారెను ఒక్కసారి కర్రతో తిప్పి వదిలితే చాలాసేపు తిరగడం చూశారు కదా, అదే జడత్వం.

ఆటోమాటిక్ కారులో నూనె నిండిన టార్క్ కన్వర్టరే ఈ బరువును సమకూరుస్తుంది. అందుకే అక్కడ పలుచని పళ్ళెం చాలు. కన్వర్టర్ తీసేస్తే ఆ బరువూ పోతుంది, క్లచ్ ప్లేటు ఆనడానికి నున్నని ముఖమూ ఉండదు. కాబట్టి ఫ్లైవీలు తప్పనిసరి.

ఇక్కడ మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, ఫ్లైవీలు అంచున ఉన్న పళ్ళు స్టార్టరు మోటారు పళ్ళతో సరిపోవాలి. రెండు, పలుచని పళ్ళేన్ని పట్టుకున్న బోల్టులు మందమైన ఫ్లైవీలుకు పొట్టి అవుతాయి. నాలుగు మరలు పట్టిన బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ నిమిషానికి ఐదారు వేల చుట్ల దగ్గర ఊడితే పక్కనున్న మనుషుల ప్రాణాలకే ముప్పు. ఫ్లైవీలుకు ఫ్లైవీలు బోల్టులే వాడాలి. మూడు, ఇంజను వెనుక వైపు క్రాంక్ ఇరుసు కొసలో చిన్న బేరింగు కావాలా అన్నది. వెనుక చక్రాలు నడిచే చాలా కార్లలో గేరుబాక్సు ఇరుసు ముందు కొస ఈ పైలట్ బేరింగు మీదే నిలుస్తుంది. ఆటోమాటిక్ రకం ఇంజనులో ఆ బేరింగు పెట్టి ఉండరు, కొన్నింటిలో దానికి తగిన రంధ్రం కూడా ఉండదు. గేరుబాక్సు ఎక్కించాక ఈ సంగతి గుర్తొస్తే పనంతా మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇద్దరు యజమానుల ప్లేటు

క్లచ్ ప్లేటు చూడడానికి గుండ్రని పళ్ళెం. రెండు ముఖాలకూ ఘర్షణ పదార్థం అతికించి ఉంటుంది. మధ్య రంధ్రంలో గాడులుంటాయి. గేరుబాక్సు ఇరుసు మీది గాడులు వీటిలో కూర్చుంటాయి. చుట్టూ ఉన్న స్ప్రింగులు కుదుపులను మింగుతాయి.

ఈ ప్లేటుకు ఇద్దరు యజమానులు. దాని వ్యాసం ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ సరిపోవాలి, దాని గాడులు గేరుబాక్సు ఇరుసుకు సరిపోవాలి. ఇంజను పేరు చెప్పి ప్లేటు కొనుక్కొస్తే ఒక్కోసారి గాడుల లెక్క తప్పుతుంది. అందుకే బిగించక ముందే ప్లేటును ఇరుసు మీద చేత్తో జార్చి చూడాలి. పట్టేయకుండా, వదులుగా ఊగకుండా నున్నగా జారాలి.

ఒక చిన్న లెక్క

క్లచ్ ఎంత తిప్పే బలాన్ని మోయగలదు? లెక్క చాలా సులువు. ఘర్షణ ముఖాల సంఖ్య, ఘర్షణ గుణకం, నొక్కే బలం, సగటు వ్యాసార్థం - ఈ నాలుగింటినీ గుణిస్తే చాలు.

ఒక చిన్న కారునే తీసుకుందాం. ముఖాలు 2. ఘర్షణ గుణకం 0.3. ప్రెషర్ ప్లేటు నొక్కే బలం 4000 న్యూటన్లు, అంటే సుమారు 400 కి.గ్రా. బరువు పెట్టినంత. సగటు వ్యాసార్థం 8 సెం.మీ., అంటే 0.08 మీటరు. గుణిస్తే 192 న్యూటన్-మీటర్లు వస్తుంది. ఇంజను గరిష్ఠంగా ఇచ్చేది 130 అనుకుంటే, క్లచ్‌కు దాదాపు ఒకటిన్నర రెట్లు సామర్థ్యం ఉన్నట్టు. ప్లేటు అరిగినా, వేడెక్కినా పట్టు తప్పకుండా ఉండడానికి ఈ మిగులు అవసరం.

ఇప్పుడు మెకానిక్ చేతికున్న గ్రీజు ప్లేటుకు అంటుకుందనుకోండి. గుణకం 0.1కి పడిపోతే మోయగలిగేది 64 న్యూటన్-మీటర్లే. ఇంజను 130 ఇస్తుంటే క్లచ్ జారిపోతుంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తుంది గాని బండి కదలదు. లారీని దాటుతున్న క్షణంలో ఇలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. "ప్లేటును అంచులు పట్టుకునే ఎత్తాలి" అని మేస్త్రీలు కుర్రాళ్ళను కసురుకునేది ఊరికే కాదు.

అదే కారణంతో, గేరుబాక్సు దిగిన అవకాశంలోనే ఇంజను వెనుక ఉన్న ఆయిల్ సీలు కూడా మార్చేస్తారు. సీలు ఖరీదు తక్కువ. అది కారితే మళ్ళీ గేరుబాక్సు దించాలి, తడిసిన ప్లేటు పారేయాలి. కొత్త ఫ్లైవీలు తుప్పు పట్టకుండా పూసిన నూనెను కూడా పూర్తిగా తుడిచేయాలి.

కాలి బలానికి నాలుగు మెట్లు

400 కి.గ్రా. బరువుతో సమానమైన నొక్కుడును మనిషి కాలితో ఎలా విడదీస్తాడు? మీటల సాయంతో. ప్రెషర్ ప్లేటులోని పళ్ళెం లాంటి స్ప్రింగే ఒక మీట. దాని నిష్పత్తి 3.5 అనుకుంటే 4000 న్యూటన్లు సుమారు 1140 అవుతుంది. ఫోర్కు మరో మీట. నిష్పత్తి 1.6 అయితే 710 దాకా తగ్గుతుంది. తర్వాత పాస్కల్ నియమం వస్తుంది. కింది సిలిండరు వైశాల్యం పై సిలిండరుకు ఒకటిన్నర రెట్లు ఉంటే 475 అవుతుంది. చివరగా పెడల్ 5 రెట్ల మీట. కాలికి మిగిలేది సుమారు 95 న్యూటన్లు, అంటే పది కి.గ్రా. లోపు బరువే.

కానీ మీట ఏదీ ఉచితంగా ఇవ్వదు. బలం తగ్గిన మేరకు దూరం పెరుగుతుంది. కాలు 120 మి.మీ. కదిలితే పై సిలిండరులో కడ్డీ 24 మి.మీ., కింది సిలిండరులో 16, బేరింగు 10, చివరికి ప్రెషర్ ప్లేటు 3 మి.మీ. లోపే జరుగుతుంది. గొట్టాల సాగుడూ పెడల్ ఖాళీ ఆటా పోను మిగిలేది ఇంకా తక్కువ. ఆ కాస్త ఎడంలోనే ప్లేటు రెండు వైపులా విడివడాలి.

ఇప్పుడు నూనె గొట్టంలో గాలి బుడగ ఒకటి ఉందనుకోండి. నూనె నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. పెడల్ కదలికలో సగం బుడగను నొక్కడానికే ఖర్చయితే ప్లేటు పూర్తిగా విడిపోదు, గేరు వేస్తే పళ్ళు కరకరమంటాయి. అందుకే గాలి పూర్తిగా పోయేదాకా నూనె వదిలిస్తారు. పెడల్ బిగించిన రేకు గోడ వంగినా ఇదే ఫలితం. క్లచ్ పెడల్ కోసం తయారుచేసిన చోట పలుచని రేకుకు రంధ్రం పొడిచి బిగిస్తే సరిపోదు, వెనక గట్టి పళ్ళెం ఆసరా ఉండాలి. ఆటోమాటిక్ కారు బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది. దాన్ని కూడా తీసేసి చిన్నది పెట్టకపోతే, క్లచ్ తొక్కబోయిన కాలు బ్రేకు అంచును తగిలే ప్రమాదం ఉంది.

బిగించే వరుస

ముందుగా బ్యాటరీ తీగ విప్పుతారు. కారును జాకీ మీద వదలకుండా గట్టి స్టాండుల మీద నిలుపుతారు. ఫ్లైవీలు బోల్టులను ఎదురెదురుగా, తయారీదారు చెప్పిన బిగింపుకు, టార్క్ రెంచితో బిగిస్తారు. తర్వాత క్లచ్ ప్లేటు. దాని మీద ఏ వైపు ఫ్లైవీలుకు ఉండాలో గుర్తు ఉంటుంది. తిప్పి పెడితే మధ్య భాగం ఫ్లైవీలు బోల్టులకు రాసుకుంటుంది.

ప్లేటును మధ్యకు తేవడం ముఖ్యమైన ఘట్టం. గేరుబాక్సు ఇరుసు ఆకారంలో ఉన్న డమ్మీ షాఫ్టును ప్లేటులోంచి దూర్చి నిలుపుతారు. ప్రెషర్ ప్లేటు బిగిశాక క్లచ్ ప్లేటు అటూ ఇటూ జరగదు. రెండు మి.మీ. పక్కకు ఉన్నా గేరుబాక్సు ఇరుసు లోపలికి పోదు. ప్రెషర్ ప్లేటు బోల్టులనైతే ఒక్కొక్కటీ ఒక్కో చుట్టు చొప్పున, ఎదురెదురుగా బిగించాలి. ఒక వైపే బిగిస్తే పళ్ళెం వంగుతుంది, తర్వాత బండి కదిలేటప్పుడు వణుకు పుడుతుంది.

ఇక గేరుబాక్సును ఎక్కించేటప్పుడు దాని బరువంతా ప్లేటు మీద వేలాడనివ్వకూడదు. కింద జాకీతో ఎత్తి, తిన్నగా తోయాలి. కుదరడం లేదని బోల్టులతో లాగి బిగిస్తే ప్లేటు మధ్య భాగం వంగిపోతుంది. ఓపికలేని ఆ ఐదు నిమిషాలకు రెండు రోజుల పని దండగ.

పాత క్లచ్‌లోని పొడిని నోటితోగాని, గాలి పైపుతోగాని ఊదవద్దు. పాత ఘర్షణ పదార్థాలలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని నూలు పోగులు ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ళ తర్వాత ప్రాణాంతక వ్యాధులు తెస్తాయి. తడి గుడ్డతో తుడవడమే క్షేమం.

వేడి ఎక్కడికి పోతుంది?

క్లచ్ జారినంతసేపూ వేడి పుడుతుంది. 1000 కి.గ్రా. కారు సెకనుకు 3 మీటర్ల వేగం అందుకోవడానికి 4500 జౌళ్ళ గతిశక్తి కావాలి. ఇంజను వేగం స్థిరంగా ఉందనుకుంటే దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. ఆ వేడిని 5 కి.గ్రా. పోత ఇనుము పంచుకుంటే ఉష్ణోగ్రత పెరిగేది రెండు డిగ్రీల లోపే. భయం లేదు.

అదే కారును 100 మీటర్లకు 10 మీటర్లు ఎక్కే వాలులో, బ్రేకు వేయకుండా క్లచ్‌తోనే నిలబెట్టారనుకోండి. మనుషులతో కలిపి 1200 కి.గ్రా. బండిని మొదటి గేరులో అలా ఆపడానికి క్లచ్ సుమారు 25 న్యూటన్-మీటర్లు మోయాలి. ఇంజను 1500 చుట్లు తిరుగుతుంటే పుట్టే వేడి దాదాపు 4 కిలోవాట్లు, అంటే నాలుగు ఇస్త్రీ పెట్టెలంత. ఒక్క నిమిషంలో ఆ ఇనుము 90 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ప్లేటు ముఖమైతే ఇంకా ఎక్కువ. కాలిన వాసన అక్కడినుంచే వస్తుంది. ఆటోమాటిక్‌కు అలవాటుపడినవారు మొదట నేర్చుకోవలసింది ఇదే: వాలులో హ్యాండ్ బ్రేకు వాడాలి.

"పి" లేని కారు

ఆటోమాటిక్ కారులో "పి" అనే స్థానం ఉంటుంది. అందులో పెడితే గేరుబాక్సు లోపల ఒక కొక్కెం పళ్ళలో పడి బండిని కట్టేస్తుంది. మార్పు తర్వాత ఆ కొక్కెం లేదు. కాబట్టి హ్యాండ్ బ్రేకును తిరిగి సరిచేయించాలి, బండి నిలిపినప్పుడు గేరులో ఉంచాలి.

ఇంకొకటి. ఆటోమాటిక్ కారు "పి"లోగాని "ఎన్"లోగాని ఉంటేనే స్టార్టరు తిరిగేలా ఒక స్విచ్ అడ్డుపడుతుంది. గేరుబాక్సుతోపాటు ఆ స్విచ్ కూడా పోతుంది. అప్పుడు ఇంజను స్టార్టు కాదు. కొందరు ఆ రెండు తీగలనూ కలిపి ముడి వేసి పని కానిస్తారు. దాంతో గేరులో ఉండగా తాళం తిప్పినా స్టార్టరు తిరుగుతుంది, బండి ముందుకు దూకుతుంది. బండి ముందు పిల్లలు ఆడుకుంటూ ఉంటే? అందుకే ఆ తీగలను క్లచ్ పెడల్ స్విచ్‌కు కలపాలి. క్లచ్ తొక్కితేనే ఇంజను స్టార్టు కావాలి. వెనక్కి వెళ్ళేటప్పుడు వెలిగే దీపానికీ గేరుబాక్సు మీది స్విచ్ నుంచి కనెక్షను ఇవ్వాలి. ఇంజను కంప్యూటరు ఉన్న కార్లలో, అది గేరుబాక్సు సంకేతాల కోసం ఎదురుచూస్తుంది కాబట్టి, దానికి తగిన యూనిట్ కూడా అవసరం కావచ్చు.

చట్టం సంగతి కూడా మరువకూడదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహనాలలో మార్పులకు హద్దులు విధించింది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అందుకే స్పానరు పట్టక ముందే రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

చేసి చూడండి

పాడైన సి.డి.లు రెండు తీసుకోండి. రెండింటి మీదా ఒకే కొలత కాగితం వలయాలు అతికించండి. ఒకదాన్ని పెన్సిలుకు గట్టిగా బిగించి, రెండోదాన్ని అదే పెన్సిలు మీద వదులుగా తిరిగేలా ఎదురుగా ఉంచండి. పెన్సిలు తిప్పుతూ రెండోదాన్ని నెమ్మదిగా నొక్కండి. మొదట జారుతుంది, తర్వాత కలిసి తిరుగుతుంది. ఇప్పుడు కాగితం వలయాల మధ్య నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి మళ్ళీ నొక్కి చూడండి. పై లెక్కలోని 0.3కూ 0.1కూ ఉన్న తేడా మీ వేలికే తెలుస్తుంది.

మన దేశంలో కార్లు ఇప్పుడు దీనికి ఎదురు దిశలో నడుస్తున్నాయి. 2014లో మారుతి సెలెరియోతో చౌక కార్లలోకి వచ్చిన ఎ.ఎం.టి. పద్ధతిలో గేరుబాక్సూ క్లచ్చూ మామూలువే. కాలికి బదులు ఒక యంత్రం క్లచ్‌ను తొక్కుతుంది. పెడల్ పోయింది గాని క్లచ్ పోలేదు.

క్లచ్ నిజంగా అవసరం లేని బండిని చూడాలంటే కుమ్హారి రైల్వే స్టేషనుకు వెళ్ళండి. హౌరా - ముంబయి మార్గంలో వేల టన్నుల గూడ్సును లాగే విద్యుత్ ఇంజను ఆగినచోటు నుంచే కదులుతుంది. విద్యుత్ మోటారు సున్నా చుట్ల దగ్గరే పూర్తి బలంతో తిప్పగలదు. దానికి జారే ప్లేటుతో పనిలేదు. విద్యుత్ కార్లలో మూడో పెడల్ కనిపించకపోవడానికి కారణం ఇదే. పెట్రోలు ఇంజనుకున్న ఒక లోపాన్ని ఒకటిన్నర మి.మీ. ఎడంతో, రెండు ముఖాల ఘర్షణతో కప్పిపుచ్చడమే క్లచ్ చేసే పని. ఆ ఎడాన్ని సరిగ్గా ఉంచడమే దాన్ని బిగించే మేస్త్రీ పనితనం.